ఏడో మజిలీ ఈల

ఏడో మజిలీ పుస్తకం. తీగకు వేలాడే తీగబండి నల్లమలలో నడవడం మొదలై నలభై ఒకటో ఏడు. రాస్తున్నది మజిలీ గార్డు సుంకులమ్మ.

రేచుకుక్కలు వచ్చిన 1వ రోజు

సందర్శకులు: 22. దుప్పులు: 64. విశేషాలు: వెనక పేజీ చూడండి.

విశేషాల గడి రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. ఈ రోజుకు అది చాలదు. వెనక పేజీల్లో రాయకూడదని నియమం ఉంది, పై అధికారులు మన్నించాలి. మన్నించకపోయినా నన్ను కోప్పడటానికి ఇక్కడికి రావాలంటే తీగబండే దారి, ఆ బండిని దించేది నేనే.

పొద్దున ఎప్పటిలాగే మంచు వలలు పిండాను. కుండన్నర నీళ్లు వచ్చాయి. బండి చక్రాలకు ఇప్పనూనె రాశాను. బండి కొండ మలుపు తిరగగానే రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను, ఒక పొడుగు, రెండు పొట్టి. అడవిలో యంత్రం మోగకూడదన్నది చట్టం. గంట కూడా యంత్రమేనని ఎవరో పెద్దలు తేల్చారు. కాబట్టి బండి దిగుతోందని చెప్పడానికి గార్డులందరం నోటితోనే ఈల వేస్తాం. ఆ ఈల వినగానే దుప్పులు పొదల్లోంచి వచ్చి మజిలీ ముంగిట నిలబడతాయి. వాటికి మేము ఒక్క గింజ కూడా వేయం, చేయి కూడా చాపం. మనుషులున్న చోటికి చిరుతపులి రాదని వాటికి తెలుసు, అంతే. సందర్శకులు బండి దిగగానే ఎదురుగా అరవై దుప్పులు. కింది మజిలీలో బొమ్మలు చూపే కంటి అద్దాలు, మాటలు వినిపించే చెవి పూసలు అన్నీ తీసేసి వస్తారు కదా, ఉత్త కళ్లతో వాటిని చూసి సగం మంది ఏడుస్తారు.

ఈ రోజు నేను ఈల వేశాక తూర్పు కొండ మీంచి జవాబు వచ్చింది.

ఆరో మజిలీ గార్డు ఆటలాడుతున్నాడేమో అనుకున్నాను. మళ్లీ వచ్చింది. ఈసారి ఒక గొంతు కాదు. సన్నగా, పొడుగ్గా, ఒకటి ఆపితే ఇంకొకటి అందుకుంటూ. అప్పుడు తట్టింది నాకు. ఈ తెల్లవారే పెచ్చెరువులో అడవి కుక్కలను పెంచుతున్న ఆవరణ తలుపు తీశారు. తొమ్మిది రేచుకుక్కలు బయటికి వచ్చాయి. అవి మొరగవు, ఈలలు వేసుకుంటాయి. ఎనభై ఏళ్లుగా ఈ అడవిలో వినపడని ఈల అది.

నా ఒళ్లంతా పులకరించింది. నేను మళ్లీ వేశాను. అవి మళ్లీ వేశాయి. సందర్శకులలో ఒకాయన, "ఇంకో బండి వస్తోందా?" అని అడిగాడు.

"బండి కాదయ్యా. ఇంటోళ్లే ఇంటికొచ్చినారు" అన్నాను.

మజిలీ వెనక పాకలో పెద్దంకన్న తాత ఉంటాడు. తీగబండికి మొదటి గార్డు ఆయనే. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ దారిలో ఉన్న గార్డులందరికీ ఈల నేర్పింది ఆయనే. పాక ముందు నిలబడి చెవికి చేయి అడ్డం పెట్టుకుని వింటున్నాడు.

"అచ్చం మన ఈలే ఉండాదే మే, సుంకులూ" అన్నాడు. మురిసిపోయాడు ముసలాయన. నేనూ మురిసిపోయాను.

2వ రోజు

సందర్శకులు: 20. దుప్పులు: 64.

రేంజి అధికారి ఫజులున్నీసా మేడం నుంచి బండిలో ఉత్తరం వచ్చింది. అడవి మండలి షరతు పెట్టిందట. కుక్కలు అడవిలో ఎక్కడ ఎన్ని వేటాడినా సరే. కానీ ఏ ఒక్క మజిలీ ముంగిట్లోనైనా, నలభై రోజుల్లో పన్నెండో దుప్పి పడిందంటే, తొమ్మిదింటినీ పట్టి తిరిగి ఆవరణలో పెట్టేస్తారు. "తేరగా దొరికేచోట తినడం మరిగితే అవి మజిలీ కుక్కలైపోతాయి, అడవి కుక్కలు కావు" అని రాశారు మేడం. మళ్లీ వదలడమంటూ ఉండదని కింద గీత గీసి మరీ రాశారు.

నేను నవ్వుకున్నాను. ఇంత అడవి పెట్టుకుని అవి నా వాకిట్లోకి ఎందుకు వస్తాయి?

నాకు ఈ కుక్కలు ఎందుకు కావాలో కూడా రాసి పెడతాను. మా మజిలీ చుట్టూ రెండు కోసుల దూరం మోకాలెత్తు మొక్క ఒక్కటి లేదు. మొలిచింది మొలిచినట్టు దుప్పులు తినేస్తాయి. ఉన్న ఇప్పచెట్లన్నీ ముసలివి, వాటి వెనక పిల్ల చెట్టు లేదు. నేను ఒక్క ఇప్పమొక్కను కంచె కట్టి పెంచుతున్నాను. అడవికి కంచె కట్టుకునే గతి పట్టిందని రోజూ దాన్ని చూసి సిగ్గుపడతాను. దుప్పులను ఒక చోట నిలవనివ్వని వాళ్లు రావాలి. వచ్చారు.

6వ రోజు

సందర్శకులు: 24. దుప్పులు: 63.

చూశాను. కళ్లారా చూశాను. ఎర్రగా, నల్ల కుచ్చుతోకలతో, గడ్డి కదలకుండా వచ్చాయి. ఒక మగ దుప్పిని పడగొట్టాయి. సందర్శకులు కేకలు పెట్టారు, ఒకామె కళ్లు మూసుకుంది. నేను మాత్రం కళ్లు ఆర్పలేదు.

కానీ ఒకటి రాయాలి. వేట అంటే పరుగుండాలి కదా. ఇక్కడ పరుగు లేదు. మిగిలిన దుప్పులు పది అడుగులు జరిగి, మళ్లీ మా వైపే వచ్చి నిలబడ్డాయి. ముక్కు మీద తెల్ల మచ్చ ఉన్న ఆడ దుప్పి ఒకటి ఉంది, నేను ముక్కుపుడక అంటాను. అదైతే తన పిల్లను తీసుకుని నేరుగా బండి మెట్టు దగ్గరికి వచ్చింది. నా మోకాలికి దాని ఊపిరి తగిలింది.

9వ రోజు

సందర్శకులు: 18. దుప్పులు: 59. ముంగిట పడినవి ఇప్పటికి 5.

ఐదు. తొమ్మిది రోజుల్లో ఐదు. ఇలాగైతే పన్నెండోదానికి ఎన్నాళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నా తెలివి కొద్దీ ఒకటి తోచింది. నా ఈల వినే కదా దుప్పులు ముంగిట పోగయ్యేది. రేపటి నుంచి ఈల వేయను. అన్ని మజిలీలకూ చెప్పి పంపాను. ఈల లేకపోతే పోగవవు, పోగవకపోతే పడవు. ఇంత చిన్న మందుకు ఇంత దిగులు పడ్డానా అని నిశ్చింతగా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

11వ రోజు

సందర్శకులు: 21. దుప్పులు: 57. ముంగిట పడినవి 7.

ఈల వేయలేదు. బండి పిల్లిలా దిగింది. అయినా దుప్పులు వచ్చాయి.

ఈసారి నేను సందర్శకులను వదిలేసి దుప్పులనే చూశాను. తర్వాతి బండి ఇంకా మలుపు తిరగలేదు. తూర్పు వాలులో రేచుకుక్కలు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఈల వేశాయి. పొదల్లో ఉన్న దుప్పులన్నీ తలెత్తాయి. చెవులు నిలబెట్టాయి. తర్వాత వరసగా, బడిపిల్లలు ప్రార్థనకు వచ్చినట్టు, ముంగిట్లోకి వచ్చి నిలబడ్డాయి. ఈల వినపడింది కాబట్టి ఇక మనుషులు వస్తారు, భయం లేదు అనుకుంటున్నాయి అవి.

పాకలోకి పరిగెత్తాను. "తాతా, నీకు ఈల నేర్పించింది ఎవరు?"

"మా తాత. యాలమే?"

"ఆయనకెవరు నేర్పించినారు?"

అంకన్న తాత తేనెపట్టు పిండుతున్నవాడు చేయి ఆపాడు. "ఆ కాలంలో రేచుకుక్కలు దుప్పిని పడగొడితే, మా తాత అచ్చం వాటి ఈలే ఏసుకుంటా పొయ్యి ఒక తొడ తెచ్చుకుంటాండెనంట. అవి తమ జట్టులోనిదేదో వస్తాందని ఊరికే ఉంటాండెనంట. నేను పుట్టేసరికి కుక్కలు ల్యావు. ఈల మాత్రం..." అని ఆగిపోయాడు.

నేను ఆయన పక్కన నేల మీద కూలబడ్డాను. కుక్కలు లేని అడవిలో కుక్కల ఈలను నలభై ఒక్క ఏళ్లు వేశాం. రోజుకు నాలుగుసార్లు. ఆ ఈల వినపడితే పరిగెత్తుకు రండి, ఇక్కడ మీకు ఏ భయమూ లేదు అని పదిహేను తరాల దుప్పులకు నేర్పాం. గింజ వేయకుండా, చేయి చాపకుండా, అడవిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నామో అని మమ్మల్ని మేమే మెచ్చుకుంటూ.

"నా నోరే కొంప ముంచిందా మే" అన్నాడు తాత. ఆ తర్వాత ఆయన తేనె ముట్టుకోలేదు.

13వ రోజు

సందర్శకులు: 23. దుప్పులు: 57.

నేను రాసిన ఉత్తరం అందగానే మేడం స్వయంగా వచ్చారు. నన్ను తిడతారనుకున్నాను. అంతా విని, నడుం మీద చేతులు పెట్టుకుని, "నేర్పింది మనమే అయితే మరిపించేదీ మనమే గదా. ఆ ఈల వింటే గుండె ఝల్లుమనాల. ఏం చేద్దాం చెప్పు" అన్నారు.

పళ్లేలు మోగిద్దామన్నాను. పళ్లెం యంత్రం కాదని చట్టం పుస్తకం తిరగేసి మరీ నిర్ధారించుకున్నారు.

ఈ రోజంతా పండగే. నేను ఈల వేయడం, దుప్పులు రావడం, వెంటనే సందర్శకులందరూ పళ్లేలు బాదుతూ అరవడం. అడవిలో గుసగుసగా కూడా మాట్లాడొద్దని మూడు వారాలు శిక్షణ పొంది వచ్చిన మనుషులు. మొదట ఎవరికీ గొంతు పెగల్లేదు. కాత్యాయని గారని ఒక పెద్దావిడ ముక్కుపుడకను చూడటానికి ఇది మూడోసారి రావడం. "నేను పేరు రాయించుకుని మూడేళ్లు ఆగింది దాన్ని తరమడానికా అమ్మాయ్?" అని కోప్పడింది. పడిన దుప్పుల కొమ్ములు చూపించి సంగతంతా చెప్పాను. ఆవిడ చీర కొంగు బిగించి పళ్లెం అందుకుంది. ఆ తర్వాత ఆవిడను ఆపడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

దుప్పులు చెల్లాచెదరయ్యాయి. నాకు ఆకాశం అందినట్టుంది.

19వ రోజు

సందర్శకులు: 22. దుప్పులు: 55. ముంగిట పడినవి 9.

అందలేదు.

నాలుగు రోజులు భయపడ్డాయి. ఐదో రోజు ఆగి చూశాయి. ఈ రోజు ఇరవై రెండు మంది పళ్లేలు చిల్లులు పడేలా బాదుతుంటే ముక్కుపుడక ఒక చెవి ఆడించి, నెమరు వేస్తూ నిలబడింది. అరిచే తల్లే గానీ కొట్టే తల్లి కాదని పిల్లలు కనిపెట్టినట్టు కనిపెట్టేశాయి.

22వ రోజు

సందర్శకులు: 19. దుప్పులు: 53. ముంగిట పడినవి 11.

ఇక ఒక్కటి. ఒక్క దుప్పి పడితే ఆ తొమ్మిదీ వల కింద ఆవరణకు వెళ్లిపోతాయి. పదకొండోదిగా పడింది ముక్కుపుడక పక్కనే మేస్తుండిన దుప్పి. ముక్కుపుడక పిల్ల ఇంకా దాని కడుపు కిందే దూరి తిరుగుతోంది. కోపం ఎవరి మీదో తెలియడం లేదు.

అంకన్న తాత పదకొండు రోజుల తర్వాత పాకలోంచి బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మే, నువ్వెంత అరిసినా అవి బెదరవు. అరిసేది మనమని వాటికి తెలుసు గదా. మనం యాడుంటే ఆడ వాటికి గొడుగు పట్టినట్టే. ఆ గొడుగు తీసెయ్యల్ల ముందు."

"అంటే?"

"మనం ల్యాకుండా పోవల్ల."

పదకొండేళ్లుగా ఈ మజిలీయే నా ఇల్లు. ఇక్కడి ప్రతి మెట్టూ నేను అరగదీసిందే. ఏడో మజిలీని మూసేయమని మేడంకు ఉత్తరం రాశాను. అది రాయడానికి మూడు కాగితాలు చింపాను, నాలుగోదాని మీద కూడా నీళ్లు పడ్డాయి. మంచు వలల నీళ్లు అనుకోమని చెప్పాను.

25వ రోజు

సందర్శకులు లేరు. ఇక రారు. బండి మా మీదుగా ఆగకుండా వెళ్లిపోయింది.

మజిలీ మూసేయడానికి వచ్చిన మేడం మాత్రం ఉండిపోయారు. పెచ్చెరువు నుంచి రేచుకుక్కలు పడుకున్న గడ్డి మూటలు కట్టి తెప్పించారు. మూట విప్పగానే ఆ కంపుకు నా కళ్లు తిరిగాయి. ఉపాయం అంకన్న తాతది. గోనెసంచులకు ఆ గడ్డి కుట్టుకుని ఒంటి మీద కప్పుకోవాలి. మనిషి వాసన రాకూడదు, మనిషి ఆకారం కనపడకూడదు. గాలి మా వైపు నుంచి దుప్పుల వైపు వీచేలా పొదలో నక్కాలి. తాత ఈల వేయాలి. మేము నాలుగు కాళ్ల మీద దూసుకుపోవాలి.

నలభై ఆరేళ్ల రేంజి అధికారి గోనెసంచి కప్పుకుని మోకాళ్ల మీద దేకుతుంటే చూడటానికి పుణ్యం చేసుకోవాలి. "ఇది గనక ఎవరికైనా చెప్పినావో, సుంకులమ్మా" అన్నారు. చెప్పడం లేదు మేడం, రాస్తున్నాను.

తాత ఈల వేశాడు. నేర్పిన గొంతు కదా, నా ఈల దాని ముందు పిల్లకాకి. దుప్పులు తలెత్తి, ఖాళీగా ఉన్న ముంగిట్లోకి వచ్చాయి. మనుషులు లేరు. బండి లేదు. చూశాయి. అప్పుడు గాలి మా వాసనను మోసుకెళ్లింది. ఒక ముసలి మగ దుప్పి ముక్కు ఎగరేసింది. మేము దూకాం.

నలభై ఒక్క ఏళ్లలో మొదటిసారి నిజంగా పరిగెత్తాయి. తోకలు పైకెత్తి, పిల్లలను ముందుంచుకుని. నాకు చేతి నిండా ముళ్లు దిగాయి, మేడం చీలమండ బెణికింది. ఇద్దరం కంపు కొడుతూ నేల మీద పడి నవ్వాం.

31వ రోజు

రోజుకు రెండుసార్లు, చోటు మార్చి, పొద్దు మార్చి చేస్తున్నాం. నేను ముంగిట్లోకి అడుగు పెట్టడం లేదు, చెట్ల వెనక నుంచే తిరుగుతున్నాను. ఈ రోజు తాత ఈల పూర్తిగా వేయనే లేదు, మొదటి పొడుగు ఈల సగంలో ఉండగానే పొద ఒక్కసారి కదిలి ఖాళీ అయింది. మిగిలినదాన్ని తాత గాలికి వేశాడు. ఆయన ముఖంలో బాధ ఉంది, సంతోషమూ ఉంది.

"నా ఈలకి పారిపోతాండాయి మే" అన్నాడు.

"పారిపోనీ తాతా."

"పోనీలే. నాది కాదు గదా అది మొదట్నుంచీ."

36వ రోజు

ఇదంతా ఒక్క గుక్కలో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే క్షమించాలి.

తెల్లవారుతుండగా తాతా, నేనూ ఖాళీ బండి ఎక్కి ముంగిటికి పైన, తీగ మీద వేలాడుతూ కూర్చున్నాం. మేం వేసే ఈల కాదు, ఈ రోజు వాటి ఈల కావాలి మాకు. వస్తే ఏమవుతుందో చూడాలి. పన్నెండోది పడితే పడినట్టే, దాచేది లేదు.

దుప్పులు ముంగిట అంచున మేస్తున్నాయి. తూర్పు వాలులో ఈల మొదలైంది. తాత నా మణికట్టు పట్టుకున్నాడు.

మేత ఆగింది. ముసలి మగ దుప్పి కాలు నేలకేసి కొట్టింది. ముక్కుపుడక కూత పెట్టింది. పదకొండేళ్లలో దాని గొంతు నేను విన్నది లేదు. ఆ ఒక్క కూతతో యాభై మూడు దుప్పులూ పడమటి లోయలోకి దూకాయి. రేచుకుక్కలు వచ్చాయి, ఆగాయి, నేల వాసన చూశాయి, తరిమాయి. పై నుంచి అంతా కనిపించింది. లోయ దాటి, వాగు దాటి, ఎదుటి కొండ ఎక్కి పోయింది ఆ పరుగు. చాలాసేపటికి కుక్కలు నాలుకలు వేలాడేసుకుని, ఖాళీ నోళ్లతో, వేరే దిక్కుకు మళ్లాయి.

తాత బోసినోటితో పగలబడి నవ్వాడు. నేను ఏడ్చాను. ఆకలితో పోయే కుక్కలను చూసి ఇంత సంబరపడ్డ మనిషి లోకంలో ఉండదు.

ఒక్క తప్పు చేశాను. సంబరంలో తొందరపడి దిగాను. వాగు గట్టున ముక్కుపుడక ఎదురైంది, పిల్ల పక్కనే ఉంది. ఇరవై అడుగుల దూరం. గోనెసంచి లేదు, కంపు లేదు, ఉత్త సుంకులమ్మను. నా మోకాలికి ఊపిరి తగిలేంత దగ్గర నిలబడిన దుప్పి అది. నన్ను చూసింది. కాలు నేలకేసి కొట్టింది. పిల్లను తోసుకుంటూ పొదల్లోకి వెళ్లిపోయింది.

గుండెలో ముల్లు దిగినట్టయింది. అయినా నిలబడి, వెళ్లు తల్లీ వెళ్లు అనుకున్నాను.

40వ రోజు

ముంగిట పడినవి 11. పన్నెండోది లేదు. మండలి కాగితం వచ్చింది, కుక్కలు ఇక్కడే ఉంటాయి. ఏడో మజిలీ ఇక తెరవరు. మిగిలిన మజిలీల్లో కూడా ఈల శాశ్వతంగా ఆపేసి, గార్డులు జెండా ఊపాలట. నన్ను బండి గార్డుగా వేశారు. నేను నా ఇప్పమొక్కకు కంచె తీసేసి, మూట కట్టుకుని, తాతను చేయి పట్టి బండి ఎక్కించాను. పాత ముంగిటి మీదుగా పోతుంటే సందర్శకులు కిందికి వంగి వంగి చూశారు. ఒక్క దుప్పి లేదు. మాకిచ్చిన పుస్తకంలో అరవై ఉంటాయని ఉందే అని ఒకాయన నిలదీశాడు.

"మాట్లాడకుండా వినండి" అన్నాను.

బండి నిశ్శబ్దంగా జారుతోంది. తూర్పు వాలులో ఈల మొదలైంది. గార్డులే ఈల వేస్తారని విని వచ్చినవాళ్లు కదా, అందరూ నా నోటి వైపు చూశారు. నేను రెండు చేతులూ ఎత్తి చూపించాను. పక్కన తాత పెదాలు బిగించి కూర్చున్నాడు.

సందర్శకులు: 24. కనిపించిన దుప్పులు: 0. వినిపించిన ఈలలు: 3, మావి కావు.